ముప్పైయొకటో నమూనా

ఆ ఏడు మా ఇంటి రోట్లో దంచినవి ఇవి: మిరపకాయలు ఎనిమిది కిలోలు, పసుపు కొమ్ములు రెండు కిలోలు, బనగానపల్లె వైపు రాయి పన్నెండు పొట్లాలు. మొదటి రెండూ మా అమ్మ ప్రమీల ప్రతి ఏడూ దంచేవే. మూడోది నా పీహెచ్‌డీ.

మాది జమ్మలమడుగు. నేత ఇల్లు. మా నాయన రామలింగప్ప పొద్దున ఆరింటికి మగ్గం గుంతలో కాళ్లు పెడితే మళ్లీ అన్నానికే పైకి తీస్తాడు. ఇంట్లో డిగ్రీ దాకా చదివినవాణ్ని నేనొక్కణ్నే. కడపలో ఒక పీజీ కాలేజీలో రాళ్ల మీద పరిశోధన చేస్తున్నానని తెలిసి వీధిలో కొందరు "బోరుకు పాయింటు చూపిస్తావా?" అని అడిగారు. కొందరు గొంతు తగ్గించి "వజ్రాలా?" అని అడిగారు. రెండూ కాదని చెప్పాక ఎవరూ ఏమీ అడగలేదు.

నేను చేసేది చిన్న పని. బనగానపల్లె నుంచి అవుకు దాకా నేలలో షేల్ అనే పొరల రాయి ఉంది. కోట్ల ఏండ్ల కింద అక్కడ సముద్రం ఉన్నప్పుడు అడుగున పేరుకున్న బురద అది. బురద ఊరికే పుట్టదు. ఎక్కడో కొండలు అరిగి, వాగుల్లో కొట్టుకొచ్చి అక్కడ చేరుతుంది. కొండ పోయినా దాని గుణం బురదలో మిగిలిపోతుంది. రాయిని మెత్తగా పొడి చేసి యంత్రంలో పెడితే ఏ లోహం ఎంత ఉందో తెలుస్తుంది. థోరియం, జిర్కోనియం ఎక్కువుంటే అరిగింది గ్రానైటు కొండలు. క్రోమియం, నికెలు ఎక్కువుంటే నల్లరాతి కొండలు.

మా అవ్వ తిమ్మమ్మకు ఇది ఒక్కసారికే అర్థమైంది.

"ఇంతేనా? పులుసు నాలిక మీద ఏసుకుంటే ఎవురి చెయ్యో తెలీదా ఏమి? దీనికి ఇన్నేండ్లు సదవాల్నా?" అంది.

మూలం తేలని రాయి మా ఇంట్లోనే ఒకటుండేది. అది పెరట్లో రోలు. ఒకప్పుడు మాకు రెండు రోళ్లుండేవి. ఒకటి అవ్వ పుట్టినిల్లు ఎమ్మిగనూరు నుంచి ఎద్దులబండిలో వచ్చింది. ఇంకోటి అమ్మ పుట్టినిల్లు వేంపల్లె నుంచి పెళ్లి సారెతో పాటు లారీలో వచ్చింది. పన్నెండేండ్ల కింద రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా ముందు వసారా పోయింది, సామాన్లన్నీ పెరట్లోకి వచ్చాయి, ఇరుకైందని మా నాయన ఒక రోలు ఎవరో బేల్దారి మేస్త్రీకి ఇచ్చేశాడు. ఏది ఇచ్చాడో ఆయనకు గుర్తులేదు. రెండూ మోకాలెత్తే, రెండింటికీ నూనే పసుపూ పొగా పట్టి ఒకటే రంగు. అప్పట్నుంచి మిగిలింది తనదేనని అవ్వా, కాదు తనదేనని అమ్మా.

"దుడ్లు పోసి కొనిచ్చినాడు మా నాయన. నా రోలు నాకు తెలీదా?"

"మా యమ్మ దంచి దంచి గుంత పెట్టిన రోలు. దాని కడుపు లోతు నాకు తెలీదా అత్తా?"

ఇద్దరూ మగ్గం వైపు తిరిగి "నువ్వే చెప్పు, ఏది ఇచ్చినావు?" అంటే, లోపల మగ్గం చప్పుడు ఒక్కసారిగా పెరిగేది.

నేనెప్పుడూ ఆ గొడవలో తలదూర్చలేదు. ఐదేండ్లుగా రెండు జిల్లాల్లో కనిపించిన రాయినల్లా కొట్టి లెన్సు పెట్టి చూసినవాణ్ని, మా పెరట్లో రాయిని మాత్రం ఒక్కసారీ చూడలేదు. అది రాయని నాకు తోచలేదు. రోలు రోలే కదా.

ఏప్రిల్ రెండో వారంలో మా డిపార్ట్‌మెంటులో రాళ్లు పొడి చేసే మిల్లు మోటరు కాలిపోయింది. ల్యాబు చూసుకునే గాబ్రియేలన్న దాని మూత తెరిచి, వాసన చూసి, మళ్లీ మూసేశాడు.

"పోయిండాది ఉమా."

"ఎప్పటికి బాగవుతుందన్నా?"

"కొటేషన్లు మూడు రావాల. కమిటీ కూసోవాల. నువ్వు పెండ్లి చేసుకో, పిల్లోల్లను బడికి పంపీ, ఆలోపల వస్తాది."

నా నమూనాలు మొత్తం ముప్పై. పద్దెనిమిది పొడి అయ్యాయి, పన్నెండు మిగిలాయి. హైదరాబాదులో ల్యాబు మాకిచ్చిన తేదీ ఏప్రిల్ ఇరవై ఎనిమిది. అది తప్పితే మళ్లీ సెప్టెంబరు. నా రిజిస్ట్రేషను గడువు జులై ఆఖరుతో సరి. ఆలోగా థీసిస్ ఇవ్వకపోతే ఐదేండ్ల పని మళ్లీ మొదటినుంచి. చేత్తో నూరుకోవడానికి అగేటు కల్వం ఒకటుంది. అరగని గట్టి రాయి అది, దాంట్లో నూరితే దేనిదీ దేంట్లోనూ కలవదు. కానీ రోజుకు ఒక్క నమూనా కంటే తెమలదు, పైగా ఆ వారం అది వేరేవాళ్ల వంతు.

ఏం చేయాలో తోచక పన్నెండు పొట్లాలూ సంచిలో వేసుకుని ఇంటికొచ్చాను. ప్రతి నమూనాలో సగం ముక్కలు కాలేజీ బీరువాలో దాచాలని మా గైడు ఓబుళేశు సార్ నియమం. కాబట్టి తెచ్చింది సగమే. దాని సంగతి తర్వాత వస్తుంది.

అన్నం తింటూ "మిల్లు చెడిపోయిందమ్మా, దంచేదానికి లేదు" అన్నాను. మా అమ్మ ముందు దంచేదానికి లేదు అనడం నాదే పొరపాటు.

మరునాడు ప్రొద్దుటూరు పోయి జిప్పు కవర్లు కొనుక్కుని వచ్చేసరికి మధ్యాహ్నమైంది. పెరట్లో దబ్బు దబ్బుమని చప్పుడు. అమ్మ కొంగు నడుముకు దోపి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, రోకలి ఎత్తి వేస్తోంది.

"ఏం చేస్తాండావమ్మా?"

"కనపల్యా? నీ సదువు దంచుతాండా."

పక్కన చేటలో అప్పటికే తొమ్మిది పొట్లాలు వరసగా ఉన్నాయి. ఒక్కోదానికి నా నంబరు చీటీ పిన్నీసుతో గుచ్చి ఉంది.

"ఒగోదాని తర్వాత రోలు కడిగి, తుడిచి, ఎండబెట్టినా. నీ నంబర్లు కలిసిపోతే మళ్లా నన్నంటావు. మీ నాయన నేసిన సన్నగుడ్డతో జల్లించినా. కారం జల్లించేదే, ఉతికినాలే. చూడు ఎట్లుండాదో."

చిటికెడు తీసి వేళ్ల మధ్య రుద్దాను. ముఖానికి పూసుకునే పౌడరు అంత మెత్తగా ఉంది. మా మిల్లు ఏనాడూ అంత మెత్తగా ఇవ్వలేదు.

మంచంలో కూర్చుని అన్నీ గమనిస్తున్న అవ్వ, "కారం ఇంత మెత్తగా ఒగనాడన్నా దంచిండావా?" అంది.

"కారానికి డాక్టరు పట్టా ఇయ్యరు కదా అత్తా," అంది అమ్మ రోకలి ఆపకుండా.

నాకు తెలియదని చెప్పను. దంచే దాని రాయి దంచిన దాంట్లో కలవకూడదని ఎమ్మెస్సీ మొదటి ఏడే నేర్పుతారు. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ అమ్మ చేతులు మోచేతుల దాకా బూడిద రంగుకు తిరిగి ఉన్నాయి. నేను బడిలో చేరిననాటి నుంచి నా చదువులో ఆమె చెయ్యి పెట్టగలిగింది ఆ ఒక్కరోజే. తేదీ కూడా తరుముతోంది. "శానా బాగుంది మా" అని, మిగిలిన మూడు పొట్లాలు నేనే విప్పి అందించాను.

మే మొదటి వారంలో హైదరాబాదు ల్యాబు నుంచి ఒకామె ఫోన్ చేసింది.

"ఉమామహేశ్వర గారేనా? మీ శాంపిల్స్ గురించి చిన్న డౌటండి. పంతొమ్మిదో నంబరు దగ్గర్నుంచి కవరు తెరిస్తే చాలు, మావాళ్లకు తుమ్ములు వస్తున్నాయి."

"తుమ్ములా?"

"మాస్కులు వేసుకుని చేస్తున్నారు. మీ ఏరియాలో గంధకం లాంటిదేమైనా ఉందా?"

"ఎండలు ఎక్కువండి," అన్నాను.

మే ఇరవైకి ఫలితాలొచ్చాయి. ఓబుళేశు సార్ రిటైరు కావడానికి ఇంకా రెండేండ్లుంది. ఏ కాగితమైనా ముక్కుకు ఆనించుకుని చదువుతారు. పడమటి నమూనాలు దాదాపు అనుకున్నట్టే ఉన్నాయి. ఎమ్మిగనూరు, ఆదోని వైపు గ్రానైటు కొండలు అరిగి వచ్చిన బురద అని ముందువాళ్లంతా రాసిందే మళ్లీ వచ్చింది. తూర్పు నమూనాల దగ్గరికి వచ్చేసరికి సార్ కాగితం ముక్కు మీంచి దించారు. క్రోమియం నాలుగింతలు. నికెలు మూడింతలు.

సార్ లేచి నిలబడ్డారు. కూర్చున్నారు. మళ్లీ లేచారు.

"తూర్పున ఇంకో దేశముండాదయ్యా!"

"యాడ సార్?"

"ఇప్పుడు లేదు. అరిగిపోయిండాది. నల్లరాతి దేశం. ఇన్నేండ్లలో దాన్ని ఎవురూ చూడల్యా. నువ్వు చూసినావు."

బోర్డు మీద పటం వేశారు. పడమర గ్రానైటు కొండలు, నడుమ సముద్రం, తూర్పున నీలం సుద్దతో పెద్ద ద్వీపం. జూన్ ఇరవై ఐదున నా చివరి సెమినారు. దానికి బయటినుంచి రావాల్సిన ఆచార్యుడికి అప్పటికప్పుడే ఫోన్ చేసి, "కొత్త దేశం చూపిస్తాం రాండి" అని చెప్పేశారు.

ఇంట్లో చెప్పాను. ఆ సాయంత్రానికల్లా అమ్మ వీధంతా చెప్పింది.

"మావోడు ఒగ దేశం కనిపెట్టినాడు."

"యాడుందంట?"

"ఇప్పుడు లేదంటలే."

సెమినారు కోసం పటం తయారుచేస్తూ కూర్చున్నాను. ప్రతి నమూనా తీసిన చోట ఒక చుక్క. క్రోమియం ఎక్కువుంటే నల్లది, తక్కువుంటే తెల్లది. తూర్పంతా నల్లచుక్కలు, పడమరంతా తెల్లచుక్కలు వచ్చాయి. రెండు మాత్రం మాట వినలేదు. తూర్పున నల్లచుక్కల మధ్య ఇరవైరెండో నంబరు తెల్లగా ఉంది. పడమర, తూర్పు చివరకు పదిహేను కిలోమీటర్ల దూరంలో, ఏడో నంబరు నల్లగా ఉంది. ఒక దేశం బురద మధ్యలో ఒక్కచోట ఆగిపోయి, సముద్రం దాటి ఇంకోచోట ఒక్క దోసెడు పడదు కదా.

గాబ్రియేలన్న ల్యాబులో క్యారియరు విప్పుకుంటుంటే వెళ్లి అడిగాను.

"అన్నా, ఇరవైరెండు గుర్తుందా నీకు?"

"ఎందుకుండదు? వరస తప్పి దాన్ని ముందుగా ఏస్తిమి, అది లోపలుండగానే కదా మోటరు కాలింది. నేనే గీకి గీకి తీసిచ్చినా."

"మరి ఏడు?"

"అది కడిగినాక ఆరల్యా అని నువ్వే పక్కన పెట్టినావు. ఇంటికి సంచి ఎత్తుకపోతివే, దాంట్లో పోయిండాది అదీ."

గాబ్రియేలన్న అన్నంలో కారప్పొడి చల్లుకుని నెయ్యి వేసి కలిపాడు. ఘాటు నా ముక్కుకు తగిలింది. తుమ్మాను. ఒకటి కాదు, వరసగా మూడు.

"ఏమైందిరా?"

"ఏం లేదన్నా. ఆ దేశం యాడుందో తెలిసింది."

సార్‌కు చెప్పడానికి రెండు గంటలు వరండాలో తిరిగాను. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆయన విని, బోర్డు మీద ఇంకా చెరపని నీలం ద్వీపం వైపు చూశారు.

"రోలా?"

"ఔ సార్."

"ఎంతుంటాదయ్యా?"

"మోకాలెత్తు సార్."

"మోకాలెత్తు దేశం," అన్నారు. డస్టరు తీసుకుని ద్వీపాన్ని తానే తుడిచేశారు. "తెలిసే పంపించినావా?"

"కొంచెం కలుస్తుందని తెలుసు సార్. ఇంత కలుస్తుందని తెలీదు."

తిట్టలేదు. తిట్టివుంటే బాగుండేదనిపించింది. చేతులకంటిన సుద్దపొడి దులుపుకుంటూ చెప్పారు.

"బీరువాలో సగం ముక్కలుండాయి కదా. అగేటు కల్వం తీసుకో. పన్నెండూ చేత్తో నూరు. హైదరాబాదులో నా పాత శిష్యుడొకడుండాడు, కాళ్లు పట్టుకోనైనా మధ్యలో దూరుస్తా. ఇంకోటి. ఆ రోలు ముక్క ఒకటి పట్టుకరా. ముప్పైయొకటో నమూనా. తప్పు యాడినుంచి వచ్చిందో గూడా రాయాల. మన పని అదే కదయ్యా."

ఇంటికొచ్చి రోలు నుంచి నిమ్మకాయంత ముక్క కావాలన్నాను.

"ఇంటి రోలు మీద సుత్తి ఏస్తావా!" అమ్మా అవ్వా ఇద్దరూ లేచారు.

"యంత్రంలో పెడితే ఏ ఊరి రాయో తెలుస్తుంది."

ఇద్దరూ ఆగారు. ఒకరినొకరు చూసుకున్నారు.

"వేంపల్లె అయితే వేంపల్లె అని చెప్తాదా?" అంది అమ్మ.

"చెప్తుంది. అక్కడ నల్లరాయి. ఎమ్మిగనూరు వైపు గ్రానైటు."

"మా పక్క గూడా నల్లరాయి ఉండాదిలేబ్బా," అంది అవ్వ ముందుజాగ్రత్తగా.

"రెండు నల్లరాళ్లైనా తేడా తెలుస్తుందవ్వా."

"అయితే కొట్టు," అన్నారిద్దరూ. పన్నెండేండ్లలో ఆ రోలు గురించి వాళ్లిద్దరూ ఒకే మాట అనడం అదే మొదలు.

కొట్టింది మా నాయన. మగ్గం గుంతలోంచి లేచి వచ్చి, రోలును పక్కకు ఒరగబెట్టి, అడుగున ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేశాడు. ఊడిన ముక్కను నా చేతిలో పెట్టి, నా ముఖం ఒకసారి చూసి, వెళ్లి మళ్లీ గుంతలో దిగాడు. విరిగిన వైపు నల్లగా మెరుస్తోంది. నల్లరాయే. ఏ ఊరిదో కంటికి తెలిసేది కాదు.

అప్పుడు అమ్మ అడిగింది.

"అదిసరేగానీ, మీ కాలేజీకి మన రోలుతో ఏం పనిరా?"

చెప్పాను. నేను దంచనిచ్చిన పన్నెండింట్లో రోలు రాయి కలిసిందని, ఆ దేశం లేదని చెప్పాను.

అమ్మ రోలు పక్కనే కింద కూర్చుంది. దాని అంచు మీద వేలు పెట్టి రాసింది.

"కారం దంపుడు అయినాక, నున్నబడిందని కొత్తగా గాట్లు కొట్టించినా. కొత్త గాట్లకు రాయిపొడి రాలుతాది, మొదుట దంచింది పారబోయల్ల. పప్పయితే పారబోసిందును." వేలికంటిన పొడి చూసుకుంది. "రాయే కదా. రాయిలో రాయి కలిస్తే ఏమైతాదిలే అనుకున్నా."

లోపల మగ్గం ఆగింది.

ముందుగా తేరుకుంది అవ్వ.

"నేను మొదుటినుంచీ అంటానే ఉండా. అది వేంపల్లె రాయి. ఎమ్మిగనూరు రాయైతే ఇట్లాంటి పని చేస్తాదా?"

"పొద్దున దాకా నీదే అంటివే అత్తా!" అన్నాను నేనే, అమ్మ తరఫున ఆమె గొంతు పెట్టి. అమ్మ నవ్వలేదు.

"వయసైపోయిండాది. పొరపాటున అనింటా," అంది అవ్వ.

"ఎవురి రోలైతేనేమి. దంచింది నేను," అంది అమ్మ.

దంచనిచ్చింది నేనని రెండుసార్లు చెప్పాను. వినలేదు.

ఆ తర్వాత పదమూడు రోజులు కాలేజీలో కల్వం ముందు కూర్చున్నాను. పన్నెండు రాళ్లు, ఒక రోలు ముక్క. అరచేతులు బొబ్బలెక్కాయి. ఇంటికెళ్తే అమ్మ వాటికి కొబ్బరినూనె రాసేది, కానీ నేను దంచిస్తా తీసుకరా అని ఒక్కసారి కూడా అనలేదు. పెరట్లోకి పోవడమే తగ్గించింది. రోలు మీద గోనెసంచి కప్పేసింది. ఆ ఏడు దంచిన కారమంతా పెళ్లై వెళ్లిన మా అక్కయ్యలకూ బంధువులకూ పంచేసి, జూన్ పదిన అంగడి కారం పొట్లం తెచ్చింది. అంగడి కారం మా ఇంటి గడప తొక్కడం అదే మొదటిసారి. అవ్వ దాన్ని కొంచెం నాలిక మీద వేసుకుని, పొట్లాన్ని తిరగేసి మరగేసి చూసి, చెంబెడు నీళ్లు తాగింది.

జూన్ ఇరవై రెండున రిపోర్టు ఫోనుకు వచ్చింది. బస్టాండు దగ్గర ప్రింటు తీయించుకుని ఇంటికొచ్చేసరికి మా పెరటి వాకిట్లో పుల్లన్న తోపుడుబండి నిలబడి ఉంది. పుల్లన్న మా వీధిలో బియ్యం మూటలూ బీరువాలూ చేరవేస్తాడు. రోలుకు తాడు చుడుతున్నాడు.

"ఎవురికన్నా ఇచ్చేయి పుల్లన్నా," అంటోంది అమ్మ. "నా కండ్ల ముందర వద్దు."

అవ్వ చేతికర్ర ఊతంగా బయటికి వచ్చింది.

"యాడికి తీసకపోతాండావు?"

"ప్రమీలమ్మ తీసకపొమ్మనె అవ్వా."

"ప్రమీలమ్మదా రోలు?" అవ్వ కర్రను గోడకు ఆనించి, రోలు పక్కన చతికిలబడి దాని మీద చెయ్యి వేసింది. "ఇది నాది. మా నాయన బండిలో ఏసి పంపించినాడు ఎమ్మిగనూరు నుంచి. ఎద్దులు ఐదు దినాలు నడిచినాయి. దీన్ని కదిలిచ్చినోని చెయ్యి ఇరిచేస్తా."

పుల్లన్న తాడు వదిలేశాడు.

"మొన్న కాదంటివే అత్తా," అంది అమ్మ.

"మొన్న మతి తప్పింటాది. ఇప్పుడొచ్చింది. ఒసే ప్రమీలా, పిల్లోని సదువు చెడగొట్టింది రోలు. రోలు నాది. తప్పేదన్నా ఉంటే నాకూ నా రోలుకూ. నడుమ నువ్వెవురే మొగం ఏలాడేసుకునేదానికి?"

ఇరవై రోజులుగా ఒక్కసారి కూడా ఏడవని అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. అది నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

"ఇంతకీ తీసకపోవాల్నా, వద్దా?" అన్నాడు పుల్లన్న.

"వద్దు!" అని లోపల్నుంచి అరిచాడు మా నాయన. పన్నెండేండ్లలో ఆ రోలు గురించి ఆయన నోరు తెరవడం అదే మొదలు.

అవ్వ నా చేతిలో కాగితం చూసింది.

"అదేందిరా?"

"సెమినారుదవ్వా," అని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాను.

అన్నాలయ్యాక ఆడవాళ్లిద్దరూ పెరట్లో గాట్లు చూసుకుంటూ కూర్చున్నప్పుడు, మా నాయన మగ్గం దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"ఏ ఊరని వచ్చింది?"

"వేంపల్లె."

"ఔ. నేనిచ్చింది మా యమ్మదే."

"నీకు గుర్తుండాదా నాయనా!"

"పన్నెండేండ్లు మర్చిపోయింది నేను," అన్నాడు తెగిన పోగు ముడివేస్తూ. "సులభమనుకున్నావా?"

సెమినారులో ముప్పై చుక్కలూ తెల్లగానే వచ్చాయి. తూర్పూ పడమరా తేడా లేదు, మొత్తం బురద పడమటి గ్రానైటు కొండలదే. నా ముందువాళ్లంతా రాసిందే నేనూ చెప్పాను. బయటినుంచి వచ్చిన ఆచార్యుడు కళ్లద్దాలు తీసి ఓబుళేశు సార్ వైపు చూశారు.

"తూర్పున ఏదో దేశముందన్నారు?"

"ఉండె. నేనే తుడిచేసినా," అన్నారు సార్.

అప్పుడు ముప్పైయొకటో నమూనా చూపించాను. ఏం జరిగిందో మొదటినుంచి చెప్పాను. దంచింది మా అమ్మ, దంచకూడదని తెలిసీ దంచనిచ్చింది నేను అని చెప్పాను. వెనక బెంచీలో గాబ్రియేలన్న మొదట నవ్వాడు, తర్వాత గదంతా నవ్వింది. ఆ ఆచార్యుడు నవ్వు ఆపుకుని, ఈ పేజీ థీసిస్‌లో ఉండాల్సిందే, తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తుంది అన్నారు. థీసిస్ ఇవ్వడానికి సంతకం పెట్టారు.

జులై ముప్పైన థీసిస్ ఇచ్చేసి, ఒక కాపీ ఇంటికి తెచ్చాను. నల్ల అట్ట, బంగారు అక్షరాలు. అవ్వ దాన్ని ఒళ్లో పెట్టుకుని బరువు చూసింది.

"నా రోలు యాడుండాదిరా దీంట్లో?"

తొంభైనాలుగో పేజీ తీసి చూపించాను. ముప్పైయొక్క వరసల పట్టిక. నమూనా, లోహాల లెక్కలు, చివరి గడిలో మూలం. అబద్ధం రాయలేదు. ఇంగ్లీషులో ఉంది కాబట్టి ఇంట్లో ఎవరికీ నొప్పి కలగదనుకున్నాను. అవ్వ వేలితో కుంకుమ తీసి చివరి వరస మీద బొట్టు పెట్టింది. అప్పుడు నాకు ఒక సంగతి గుర్తొచ్చింది. మా అమ్మ చదివింది ఏడో తరగతే గానీ, ముప్పై ఏండ్లుగా నూలు బేళ్ల మీద ఊళ్ల పేర్లు ఇంగ్లీషులో కూడబలుక్కుంటూనే ఉంది.

అమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుని వచ్చి వంగింది. కుంకుమ బొట్టు పక్కన వేలు పెట్టింది. పెదవులు మెల్లగా కదిలాయి. వి. ఈ. ఎం. పి. వేలు చివరిదాకా పోయి ఆగింది.

"ఏమని రాసిండాడే?" అంది అవ్వ.

అమ్మ నా వైపు చూసింది. పుస్తకం మూసింది.

"ఎమ్మిగనూరని, అత్తా."

"రాయక ఏం చేస్తాడు," అంది అవ్వ.

లోపల మగ్గం చప్పుడు ఒక్కసారిగా పెరిగింది.